బార్సిలోనాలో ఓడ ఎక్కి ఫ్లోరిడాలో దిగాలి: వన్‌వే విమానం టికెట్ తక్కువలో ఎలా?

అలిపిరి_నడక | శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఆర్లాండోలో ఉంటుంది. ఈసారి అమెరికాకు నేరుగా విమానంలో కాకుండా, నవంబర్ మొదటి వారంలో బార్సిలోనాలో ఓడ ఎక్కి, అట్లాంటిక్ దాటి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. సుమారు రెండు వారాల ప్రయాణం. వేసవంతా మధ్యధరా సముద్రంలో తిరిగిన ఓడలు చలికాలానికి కరీబియన్ వైపు మళ్లుతాయి కదా, ఆ రకం సర్వీసు. కేబిన్ ధర మాకు అందుబాటులోనే ఉంది.

టెన్షనంతా విమానం దగ్గరే. చెన్నై నుంచి బార్సిలోనాకు వన్‌వే చూస్తే, కొన్ని తేదీల్లో రానూపోనూ టికెట్‌కు దాదాపు సమానంగా చూపిస్తోంది. ఇద్దరికీ కలిపితే మాకది చిన్న మొత్తం కాదు. అమ్మాయి దగ్గర నాలుగు నెలలుండి మార్చిలో ఆర్లాండో నుంచి తిరిగి రావాలి. అమెరికా వీసాలు ఉన్నాయి, షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా) ఇంకా తీసుకోలేదు. ఇలా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

హోస్కోటె_రోడ్డు | శుక్రవారం రాత్రి 9:52

సార్, మాది చిత్తూరు. టికెట్ ధరలు వెతకడం నాకు ఇష్టమైన పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఇండిగో లాంటి బడ్జెట్ విమానాల్లో పోను ఒక ధర, రాను ఒక ధర, రెండూ కూడితే మొత్తం. అక్కడ వన్‌వే తీసుకుంటే నష్టం లేదు. ఖండాలు దాటే పెద్ద ఎయిర్‌లైన్స్ పద్ధతి వేరు. వాళ్ల తక్కువ ధరల్లో చాలావాటికి ‘రానూపోనూ కొంటేనే’ అనే షరతు ఉంటుంది. వన్‌వే అడిగినవాడికి ఆ తక్కువ ధరలు కనిపించవు, పై తరగతి ధరలే మిగులుతాయి. మీకు జరుగుతున్నది అదే.

మీకు తిరుగు ప్రయాణం కూడా ఉంది కదా. అలాంటప్పుడు విడిగా రెండు వన్‌వేలు ఎందుకు? వెతికేటప్పుడు ‘మల్టీ సిటీ’ నొక్కండి. మొదటి వరుసలో చెన్నై–బార్సిలోనా, రెండో వరుసలో ఆర్లాండో–చెన్నై పెట్టండి. దీన్ని ఓపెన్ జా అంటారు. ఎయిర్‌లైన్ లెక్కలో ఇది రానూపోనూ టికెట్టే. పోయే ధరలో సగం, వచ్చే ధరలో సగం కలిపి వేస్తారు. మధ్యలో బార్సిలోనా నుంచి ఫ్లోరిడాకు మీరు ఎలా చేరుకుంటారన్నది వాళ్లకు అనవసరం.

మీ దారికి రెండు కంపెనీలు బాగా కుదురుతాయి. ఎమిరేట్స్‌కు దుబాయ్ నుంచి బార్సిలోనాకూ ఉంది, ఆర్లాండోకూ ఉంది. ఖతార్ ఎయిర్‌వేస్‌కు దోహా నుంచి బార్సిలోనా, మయామీ రెండూ ఉన్నాయి. రెండూ చెన్నైకి వస్తాయి. ముందు గూగుల్ ఫ్లైట్స్‌లో చూసి, ఆ తర్వాత ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో అదే తేదీలు పెట్టి పోల్చుకోండి.

పీలేరు_కుర్రోడు | శుక్రవారం రాత్రి 10:15

అంత లెక్క ఎందుకన్నా. చెన్నై–బార్సిలోనా రానూపోనూ తక్కువలో దొరికితే కొనేసి, వచ్చే టికెట్ వదిలేస్తే సరిపోతుంది కదా. డబ్బు కట్టాక వాడుకోవడం, వాడుకోకపోవడం మన ఇష్టం.

గాంధీరోడ్డు_టికెట్లు | శుక్రవారం రాత్రి 10:40

తమ్ముడూ, నేను తిరుపతిలో టికెట్ల పనిలోనే ఉన్నాను. చాలామంది ఇది అడుగుతారు. ఎయిర్‌లైన్స్ ఒప్పందంలో చాలాచోట్ల స్పష్టంగా రాసి ఉంటుంది, కొన్న వరుసలోనే టికెట్ వాడాలని. చివరి భాగం కావాలని వదిలేస్తే తేడా ధర వసూలు చేసే హక్కు, మైల్స్ (ప్రయాణాలకు ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) రద్దు చేసే హక్కు వాళ్లు రాసిపెట్టుకున్నారు. అందరి మీదా చర్య తీసుకుంటారని కాదు. కానీ సంతకం పెట్టిన షరతును తెలిసి తప్పమని పెద్దవాళ్లకు నేను చెప్పను.

దీనికంటే ప్రమాదం ఇంకొకటుంది. మొదటి భాగం వాడకపోతే మిగతాదంతా దానంతటదే రద్దవుతుంది. రేణిగుంట–హైదరాబాద్–బార్సిలోనా అని ఒకే టికెట్ తీసుకుని, ‘మేం హైదరాబాద్‌లో ఎక్కుతాంలే’ అని కారులో వెళ్లిపోతే కౌంటర్‌లో టికెట్ ఉండదు. మన వైపు పెద్దవాళ్లు పిల్లల ఇంట్లో రెండు రోజులుండి వెళ్దామని ఇలా చేస్తుంటారు. దయచేసి చేయకండి.

సార్, మల్టీ సిటీలో ఒకటి గమనించండి. మార్చి తేదీ మారే అవకాశం ఉందంటే, అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న రకం తీసుకోవద్దు. అందులో తేదీ మార్పుకు జాస్తి కట్టాలి, కొన్నింట్లో మార్చడానికే వీలుండదు. పై రకానికి ఇప్పుడు కట్టే తేడా ఎంత, తర్వాత మార్చుకుంటే పడే ఫీజు ఎంత, పక్కపక్కన రాసుకుని చూడండి.

అలిపిరి_నడక | శనివారం ఉదయం 6:30

మల్టీ సిటీ పెట్టి చూశాను. మామూలు రానూపోనూ కంటే కొంచెం ఎక్కువ, రెండు వన్‌వేల మొత్తం కంటే చాలా తక్కువ వస్తోంది. ఇద్దరికీ ధన్యవాదాలు. బార్సిలోనాకు మంగళ, బుధవారాల్లో ఇంకా తగ్గుతోంది. ఓడ ఆదివారం. అంత ముందు వెళ్తే హోటల్ ఖర్చు పెరుగుతుందేమో అని ఆలోచన.

మదనపల్లె_చలిగాలి | శనివారం ఉదయం 8:05

సార్, చెన్నైనే ఎందుకు పట్టుకున్నారు? బెంగళూరు కూడా చూడండి. దేవనహళ్లి నుంచి యూరప్‌కు నేరుగా వెళ్లే విమానాలు ఎక్కువ: ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, లండన్. మాకైతే చింతామణి మీదుగా రెండున్నర గంటల్లో ఎయిర్‌పోర్టు. మీకు తిరుపతి నుంచి చిత్తూరు, కోలారు, హోస్కోటె మీదుగా దేవనహళ్లికి తిరిగితే బెంగళూరు ఊళ్లోకి వెళ్లే పనే లేదు. ఐదు గంటలు పడుతుంది, నిజమే. చెన్నైకి మూడు, మూడున్నర. ఇద్దరు మనుషుల టికెట్ తేడా ముందు ఆ రెండు గంటల కారు బాడుగ ఎంతో చూసుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. యూరప్‌లో ఏ ఊరికి వన్‌వే తక్కువగా ఉంటే ఆ ఊరికి వెళ్లడం. రోమ్, మిలాన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఏదైనా. అక్కడి నుంచి బార్సిలోనాకు వూయెలింగ్, రయనెయిర్ లాంటి బడ్జెట్ విమానాలు ఉంటాయి. స్కైస్కానర్‌లో గమ్యం దగ్గర ఊరి పేరు రాయకుండా ‘ఎక్కడికైనా’ పెడితే ఏ దేశానికి ఎంతో చూపిస్తుంది.

పుత్తూరు_మామిడి | శనివారం ఉదయం 9:20

మదనపల్లె అన్న చెప్పింది ధర వరకు నిజమే. కానీ రెండు వేర్వేరు టికెట్లతో ఒకే రోజు విమానం మారడాన్ని నేను గట్టిగా వద్దంటాను. మేం ఒక కుటుంబ ప్రయాణంలో అలా వెళ్లాం. మొదటి విమానం పొగమంచు వల్ల ఆలస్యమైంది. రెండో కంపెనీ వాళ్లు ‘మీ మొదటి విమానంతో మాకు సంబంధం లేదు’ అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు, టికెట్లు వేరు కాబట్టి. అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనాల్సి వచ్చింది, ఆదా అనుకున్నదంతా అక్కడే పోయింది. మాది పెళ్లి ప్రయాణం, ఒక పూట ఆలస్యమైనా సర్దుకుంది. ఓడకు ఆ వీలు ఉండదు కదా.

అలా వెళ్లాల్సే వస్తే మధ్య ఊళ్లో ఒక రాత్రి ఉండండి. లగేజీ కూడా చూడండి అక్కా, అన్నా అందరూ. చెన్నై నుంచి ఇచ్చే పెద్ద పెట్టె బరువు ఆ బడ్జెట్ విమానంలో చెల్లదు. పెట్టెకింత అని విడిగా కట్టాలి. అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారంటే పచ్చళ్లు, పొడులు లేకుండా వెళ్తారా!

మదనపల్లె_చలిగాలి | శనివారం ఉదయం 9:48

ఒప్పుకుంటాను అక్కా. ఒక రాత్రి మధ్యలో ఉండేవాళ్లకే ఆ దారి. ఒక్కరే, చేతి సంచితో వెళ్లేవాళ్లకైతే ఇప్పటికీ అదే తక్కువ అని నా అభిప్రాయం.

కాణిపాకం_తీరం | శనివారం మధ్యాహ్నం 1:15

మాది చిత్తూరు దగ్గర. నేను క్రూయిజ్ ఓడలో హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తున్నాను, ఇప్పుడు సెలవులో ఇంటికొచ్చాను. ఓడ వైపు నుంచి చెబుతాను సార్.

ఓడ బయల్దేరే టైమ్ అని టికెట్ మీద ఉన్నది మీరు చేరుకోవాల్సిన టైమ్ కాదు. చాలా కంపెనీలు దానికి గంట, గంటన్నర ముందే చెకిన్ మూసేస్తాయి. పోర్టులో ఓడకు దారి చూపే పైలట్‌ను పిలిచి ఉంటారు, రేవులో ఆ చోటు ఇంకో ఓడకు ఇచ్చి ఉంటారు, తర్వాతి రేవుకు చేరే టైమ్ ఖాయమై ఉంటుంది. సొంతంగా టికెట్ కొనుక్కుని విమానం ఆలస్యమైన ఇద్దరి కోసం ఓడ ఆగదు. ముఖ్యంగా అట్లాంటిక్ దాటే ప్రయాణంలో ఆఖరి రేవు దాటిపోయాక ఇక ఎక్కే చోటే లేదు, వారం రోజుల దాకా నీళ్లే.

‘తర్వాతి రేవులో ఎక్కుతాం’ అని కొందరు అనుకుంటారు. ముందుగా కంపెనీ అనుమతి ఉంటేనే కుదురుతుంది. అమెరికాలో బయల్దేరే ఓడలకైతే 1886 నాటి ప్రయాణికుల ఓడల చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ మామూలుగా అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని అమెరికాలోనే ఇంకో రేవులో దించి వెళ్లడానికి వీల్లేదు. అందుకని సియాటిల్‌లో ఓడ తప్పి అలాస్కాలో ఎక్కుతానన్నా ఒప్పుకోకపోవచ్చు. మీది స్పెయిన్ కాబట్టి ఆ చట్టం అడ్డు రాదు. అయినా ఆలస్యానికి అవకాశం ఇవ్వకండి. కనీసం రెండు రాత్రుల ముందు బార్సిలోనాలో ఉండండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన ఊళ్లలో కొందరు ఏజెంట్లు ‘మెరైన్ ఫేర్‌లో వన్‌వే తక్కువకు ఇప్పిస్తాం’ అంటున్నారని విన్నాను. ఆ ధరలు నిజంగానే ఉన్నాయి. ఓడలో ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం: వన్‌వేకు ఎక్కువ ధర ఉండదు, లగేజీ ఎక్కువ ఇస్తారు, తేదీ మార్పు సులువు. మాకు కంపెనీయే కొనిస్తుంది. కానీ కౌంటర్‌లో సీడీసీ (ఓడ ఉద్యోగులకిచ్చే పుస్తకం), కంపెనీ లెటర్ అడుగుతారు. ప్రయాణికులకు అవి ఉండవు. ఓడ ఎక్కుతున్నాం కదా అని ఆ టికెట్ కొంటే చెన్నైలోనే ఆపేస్తారు.

గాంధీరోడ్డు_టికెట్లు | శనివారం మధ్యాహ్నం 2:00

తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. స్టూడెంట్ ఫేర్ కూడా అంతే, ఐడీ అడుగుతారు.

ఓడ కంపెనీ ద్వారానే విమానం టికెట్ కొనే పద్ధతి కూడా ఉంది. ప్రిన్సెస్ వాళ్లది ఈజీఎయిర్, రాయల్ కరీబియన్ వాళ్లది ఎయిర్‌టూసీ. వీటిలో ఓడకు సరిపడే వన్‌వేలు కూడా అమ్ముతారు. విమానం ఆలస్యమైతే ఓడకు చేర్చే ఏర్పాటు వాళ్లు చూస్తారు, అదే అసలు లాభం. చెన్నై నుంచి బయల్దేరేవాళ్లకు ఇస్తారా అన్నది ఓడ బుక్ చేసే ఏజెంట్ దగ్గర మెయిల్‌లో రాయించుకోండి. నోటి మాట మీద ఉండకండి.

పీలేరు_కుర్రోడు | శనివారం మధ్యాహ్నం 2:25

మా నాన్న కువైట్‌కు వెళ్లినప్పుడల్లా వన్‌వేనే, ఎప్పుడూ అంత జాస్తి అనిపించలేదు. గల్ఫ్‌కూ యూరప్‌కూ ఇంత తేడానా?

హోస్కోటె_రోడ్డు | శనివారం మధ్యాహ్నం 3:10

అవును తమ్ముడూ. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్తారు. తిరుగు తేదీ తెలియదు కాబట్టి వన్‌వేలే అమ్ముడవుతాయి. పైగా ఆ దారిలో బడ్జెట్ విమానాలు పోటీ పడుతున్నాయి. యూరప్ దారిలో అంత పోటీ లేదు. అదే లెక్కన సింగపూర్‌లో ఓడ ఎక్కేవాళ్లకు చెన్నై నుంచి వన్‌వే పెద్ద సమస్య కాదు, ఆ దారిలో బడ్జెట్ సర్వీసులు చాలా ఉన్నాయి.

స్వర్ణముఖి_గట్టు | శనివారం సాయంత్రం 5:40

వీసా గురించి ఎవరూ రాయలేదు. ధర కన్నా ముందు అది చూడండి సార్.

మీ ఓడ మధ్యలో ఏ రేవుల్లో ఆగుతుందో చెప్పగలరా?

అలిపిరి_నడక | శనివారం సాయంత్రం 6:15

బార్సిలోనా తర్వాత మలగా, మొరాకోలో టాంజియర్, ఆ తర్వాత టెనెరిఫె. అక్కడి నుంచి నేరుగా ఫోర్ట్ లాడర్‌డేల్.

స్వర్ణముఖి_గట్టు | శనివారం సాయంత్రం 7:05

అయితే ఒక్కసారి ప్రవేశానికిచ్చే షెంజెన్ వీసా మీకు చాలదు. టాంజియర్‌కు వెళ్లగానే షెంజెన్ దాటినట్టు. టెనెరిఫె స్పెయిన్‌ది కాబట్టి మళ్లీ లోపలికి వచ్చినట్టు. దరఖాస్తులోనే ‘మల్టిపుల్ ఎంట్రీ’ అడగండి, ఓడ రేవుల పట్టిక జతచేయండి. టాంజియర్‌లో దిగడానికి భారత పాస్‌పోర్ట్‌కు ఏం కావాలో ఓడ కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి.

స్పెయిన్ వీసా దరఖాస్తులు చెన్నైలో బీఎల్‌ఎస్ కేంద్రంలో తీసుకుంటారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. పెద్దవాళ్లకు వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తిరుగు టికెట్ స్పెయిన్ నుంచి లేదే అని కంగారు పడకండి. ఓడ బుకింగ్, అమెరికా వీసా, ఆర్లాండో–చెన్నై టికెట్ మూడూ కలిపి చూపిస్తే మీ దారి పూర్తిగా కనిపిస్తుంది. మల్టీ సిటీ టికెట్‌తో ఈ లాభం కూడా ఉంది: ఒకే కాగితం మీద పోవడమూ రావడమూ ఉంటాయి. చెన్నై కౌంటర్‌లోనూ అదే చూపించండి.

రోమ్ మీదుగా వెళ్లాలనుకుంటే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. స్పెయిన్ వీసా తీసుకుని ఇటలీలో ఐదు రోజులుండే ప్లాన్ వేసుకోవద్దు. లండన్ మీదుగా మారే టికెట్ తక్కువకు వస్తే, అక్కడి ట్రాన్సిట్ వీసా నియమం చదివాకే డబ్బు కట్టండి.

నగరి_మగ్గం | శనివారం రాత్రి 8:30

నవంబర్ అన్నారు కాబట్టి ఒక మాట. మనకది తుపాన్ల కాలం. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపానుకు చెన్నై ఎయిర్‌పోర్టు రన్‌వే మూసేశారు. 2024 నవంబర్ 30న ఫెంగల్ వచ్చినప్పుడూ మూసేశారు. 2021 నవంబర్‌లో మన తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో అందరం చూశాం, రైళ్లు కూడా ఆగిపోయాయి. అందుకని మంగళవారం విమానం తక్కువగా ఉందంటే మంగళవారమే వెళ్లండి సార్. బార్సిలోనాలో అదనంగా ఉండే రాత్రుల హోటల్ ఖర్చు వేస్ట్ అనుకోవద్దు, టికెట్‌లో మిగిలినదాంతోనే అది చాలావరకు సరిపోతుంది. ఇంటి నుంచి చెన్నైకి కూడా విమానం రోజున కాకుండా ముందురోజే చేరుకోండి. వానలో ఊత్తుకోట దారి నమ్ముకోలేం.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ‘మిస్డ్ కనెక్షన్’, ‘ట్రిప్ డిలే’ ఉన్నాయా, ఓడ తప్పితే వర్తిస్తాయా అని పాలసీలో చదవండి. మీ వయసులో బీపీ, షుగర్ ఉంటే ముందే రాయాలి. దాచిపెడితే క్లెయిమ్ రాదు.

పాయింట్ల_పుస్తకం | శనివారం రాత్రి 9:45

ఆలస్యంగా చూశాను. మీ దగ్గర క్రెడిట్ కార్డు పాయింట్లు ఉన్నాయా సార్? వన్‌వేకు అసలైన మందు మైల్స్. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లైయర్, ఎయిర్‌ఫ్రాన్స్–కేఎల్‌ఎం ఫ్లయింగ్ బ్లూ లాంటి వాటిలో వన్‌వేకు మైల్స్ విడిగానే లెక్క, రానూపోనూ కొనాలన్న షరతు లేదు. పన్నులు మాత్రం డబ్బుగా కట్టాలి. మన బ్యాంకుల కార్డుల్లో కొన్నింటి పాయింట్లను వీటికి మార్చుకోవచ్చు. సీటు కనిపించాకే మార్చండి. మార్చిన పాయింట్లు వెనక్కి రావు.

అలిపిరి_నడక | ఆదివారం ఉదయం 7:15

పాయింట్లు అంత లేవు బాబూ. కార్డు పెట్రోలుకు, కరెంటు బిల్లుకు తప్ప వాడలేదు.

మల్టీ సిటీకే మొగ్గుతున్నాం. మంగళవారం రాత్రి చెన్నై, బుధవారం బార్సిలోనా, మార్చిలో ఆర్లాండో నుంచి. తేదీ మార్చుకునే రకం తీసుకుంటాను. మా ఆవిడ అడుగుతోంది: శాకాహారం, మందులు, బార్సిలోనాలో ఎయిర్‌పోర్టు నుంచి పోర్టుకు ఎలా అని. ఓడ, విమానం ఒకే ఏజెంట్ దగ్గర కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) పడుతుందని ఎవరో అన్నారు, అదీ చెప్పండి.

గాంధీరోడ్డు_టికెట్లు | ఆదివారం ఉదయం 8:40

విదేశీ టూర్ ప్యాకేజీ కింద అమ్మితే టీసీఎస్ వసూలు చేయాలి. ఉత్త విమానం టికెట్ మాత్రమే కొంటే అది ప్యాకేజీ కాదు. కట్టినా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి వెనక్కి తీసుకోవచ్చు. శాతాలు బడ్జెట్లలో మారుతున్నాయి, కొనే రోజున ఉన్న రేటు అడగండి. బిల్లులో విడిగా చూపించమనండి.

కాణిపాకం_తీరం | ఆదివారం ఉదయం 9:30

అమ్మగారికి చెప్పండి సార్, ఓడలో శాకాహారానికి ఇబ్బంది లేదు. బుకింగ్‌లోనే రాయించండి, ఎక్కిన మొదటి రాత్రి డైనింగ్‌లో హెడ్‌వెయిటర్‌కు మళ్లీ చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి కూడా తినకపోతే ఆ మాట విడిగా చెప్పాలి. విమానంలో వెజ్ మీల్ టికెట్ కొన్నాక సైట్‌లో ఎంచుకోవాలి, రెండు దిక్కులకూ. మందులు ప్రయాణానికి సరిపడా, ఇంకో రెండు వారాలకు అదనంగా, డాక్టర్ చీటీతో చేతి సంచిలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టెలు రేవులో మా వాళ్లకు ఇచ్చేస్తారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఏరోబస్ ఉంది, కటలూన్యా చౌక్ దాకా వెళ్తుంది. క్రూయిజ్ ఓడలు ఎక్కువగా ఆగేది మోల్ అదోస్సాత్ అనే రేవులో. కొలంబస్ స్తంభం దగ్గర నుంచి అక్కడికి పోర్టు బస్సు ఉంటుంది. పెట్టెలుంటే టాక్సీయే మేలు. టెర్మినల్‌కు ఒక అక్షరం ఉంటుంది, అది బోర్డింగ్ పేపర్ మీద చూసి డ్రైవర్‌కు చెప్పండి. పడమటి వైపు వెళ్తారు కాబట్టి కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. షుగర్ మాత్రల టైమ్ దానికి తగ్గట్టు డాక్టర్‌ను అడిగి రాసుకోండి.

స్వర్ణముఖి_గట్టు | ఆదివారం ఉదయం 10:20

టికెట్ కొనే ముందు పేర్లు ఒకసారి చూడండి సార్. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది. విమానం టికెట్, ఓడ బుకింగ్, వీసా దరఖాస్తు మూడూ పాస్‌పోర్ట్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి. పాస్‌పోర్ట్ గడువు ఓడ దిగే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు ఉండాలని ఓడ కంపెనీలు అడుగుతాయి. మార్చి దాకా అక్కడే ఉంటారు కాబట్టి మీరు ఇంకా ముందుకు లెక్కేసుకోండి. రెన్యువల్ అవసరమైతే మన తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే అవుతుంది. అది అయ్యాకే బీఎల్‌ఎస్ అపాయింట్‌మెంట్.

అలిపిరి_నడక | ఆదివారం ఉదయం 11:05

ఇప్పుడే తీసి చూశాం. నాది 2031 దాకా ఉంది. మా ఆవిడది వచ్చే జూన్‌లో ముగుస్తుంది, ఇంటిపేరు గడి కూడా ఖాళీ. ఈ వారమే రెన్యువల్‌కు పెడతాం. ఆమె అమెరికా వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంది, రెండూ కలిపి తీసుకెళ్తే చాలా?

స్వర్ణముఖి_గట్టు | ఆదివారం ఉదయం 11:30

చాలు సార్. వీసా చెడకుండా ఉంటే, పాత పాస్‌పోర్ట్ రద్దయినా వీసా చెల్లుతుంది. రెండూ కలిపి చేతి సంచిలో పెట్టుకోండి. రెన్యువల్‌లో ఇంటిపేరు కొత్తగా చేర్పించాలనుకుంటే మాత్రం ఆగండి. పేరు మారితే వీసాతో కలవదు. ఈసారికి పాత పేరే ఉంచి, ఆ పేరుతోనే టికెట్లు తీయండి.

అలిపిరి_నడక | ఆదివారం ఉదయం 11:42

పేరు మార్చం. పాస్‌పోర్ట్ చేతికి రాగానే టికెట్ తీసి, ఎంతకు వచ్చిందో ఇక్కడే రాస్తాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.